గోడకు నోరొస్తే...

గోడలకు చెవులుంటాయని మన పెద్దలు చెప్పారు. గోడలకు నోళ్ళు కూడా వుంటాయని చెప్పడం మాత్రం మరచిపోయారు. చెవులున్న గోడ దగ్గర మనం గొంతు తగ్గించి మాట్లాడుకుంటాం. నోరున్న గోడ దగ్గర ఆగి చదువుతాం. నచ్చితే నవ్వుకుంటాం. నచ్చకపోతే, చేతిలో అధికారముంటే, సున్నం తెప్పిస్తాం!

ఈ సంవత్సరం మన యూనియన్ వారు కాలేజీ ప్రహరీగోడ మీద బొమ్మలు వేయించాలని తలపెట్టారు. ఆ మాట బయటికి రాగానే కాంటీన్‌లో రెండు పక్షాలు తయారయ్యాయి. "గోడంటే గోడలాగ వుండాలి. దాన్ని సినిమా హాలు చెయ్యకండి" అన్నది ఒక పక్షం. "లోకమంతా వేస్తున్నారు, మనకేం తక్కువ?" అన్నది రెండో పక్షం. రసాయనశాస్త్రం చదివేవాణ్ణి గనుక, పదార్థాన్ని పరీక్షించకుండా ఫలితం వ్రాయడం అలవాటు లేక, నేను ఏ పక్షంలోనూ చేరకుండా లైబ్రరీలో చేరాను. చదివినకొద్దీ అర్థమైందేమంటే, ఈ తగాదా మన కాంటీన్‌లో పుట్టింది కాదు. నాగరికత ఎంత పాతదో గోడ తగాదా కూడా అంత పాతదే.

'గ్రాఫిటీ' అన్న మాటకు మూలం ఇటలీ భాషలో గీకడం, గీరడం అనే అర్థమున్న మాట. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి పాంపేయి నగరాన్ని బూడిదలో కప్పేసింది. తరువాత ఎన్నో శతాబ్దాలకు తవ్వి చూస్తే గోడల మీద వేలకొద్దీ వ్రాతలు బయటపడ్డాయి. ఫలానావారిని ఎన్నుకోండనే ఎన్నికల వ్రాతలు, ప్రేమికుల పలకరింపులు, తిట్లు, మల్లయోధుల బొమ్మలు! రాజుల చరిత్ర రాళ్ళ మీద చెక్కించుకున్నారు. మామూలు మనుషుల చరిత్ర గోడ మీద గీకుకున్నారు. తేడా అంతే.

అయితే యివాళ చిత్రశాలల్లో, వేలంపాటల్లో కనిపిస్తున్న గ్రాఫిటీ కళ పాంపేయి నుంచి రాలేదు, న్యూయార్కు నుంచి వచ్చింది. ఆ నగరానికి ఉత్తరాన బ్రాంక్స్ అనే ప్రాంతముంది. 1948 నుంచి 1972 దాకా ఆ ప్రాంతం నడిమధ్య నుంచి ఒక పెద్ద రహదారి వేశారు. అడ్డువచ్చిన ఇళ్ళు కూల్చారు. వేలమంది చెదరిపోయారు. ఉన్నవాళ్ళు అమ్ముకొని పోయారు. 1970 దశాబ్దంలో వీధులకు వీధులే కాలిపోయాయి. 1975 నాటికి నగర ప్రభుత్వమే దివాలా అంచుకు వచ్చింది. అలాటి కాలంలో పదమూడు, పద్ధెనిమిదేళ్ళ పిల్లలు రంగు డబ్బాలు పట్టుకొని తమ పేర్లు వ్రాయడం మొదలుపెట్టారు. 183వ వీధికి చెందిన ఒక కుర్రవాడు ఉత్తరాలు, పొట్లాలు చేరవేసే ఉద్యోగంలో తిరుగుతూ వెళ్ళినచోటల్లా 'టాకీ 183' అని వ్రాసేవాడు. 1971 జూలైలో 'న్యూయార్క్ టైమ్స్' పత్రిక అతని మీద వ్యాసం వేసింది. అంతటితో అలాటి వాళ్ళు వందలమంది పుట్టుకొచ్చారు.

వాళ్ళు రైళ్ళ మీదనే యెందుకు వ్రాశారు? నాకు తోచిన కారణమిది. గోడ కదలదు, రైలు కదులుతుంది. బ్రాంక్స్ పిల్లవాణ్ణి పిలిచి కూర్చోబెట్టేవారు నగరం నడిబొడ్డున లేరు. తాను పోలేని పేటకు తన పేరును పంపించాడు! నగరం తన ఇంటిని మాయం చేస్తే, వాడు నగరం మొత్తానికి కనిపించాడు. ప్రభుత్వం మాత్రం దాన్ని ఖరాబు చేయడమనే అన్నది. ఏళ్ళ తరబడి కడిగి, కాపలా పెట్టి, 1989 మే 12న రంగు వ్రాతలున్న చివరి రైలును కూడా పట్టాల మీద నుంచి తప్పించామని ప్రకటించింది.

ఈ లోపల గోడ మీది కళ లోపలి గదిలోకి ప్రవేశించింది. కీత్ హేరింగ్ అనే యువకుడు 1980 మొదలు భూగర్భ రైలు స్టేషన్లలో ప్రకటనలు లేక నల్లకాగితం అంటించిన పలకలు చూచి, వాటిమీద తెల్ల సుద్దతో బొమ్మలు వేశాడు. సుద్దముక్క! మన లెక్చరర్ల చేతిలో వున్న ఆయుధమే. జాన్ మిషెల్ బాస్కియా అనే మరో కుర్రవాడు మొదట స్నేహితునితో కలిసి గోడల మీద 'సామో' అనే పేరుతో వాక్యాలు వ్రాసి, తరువాత కాన్వాసు మీదికి వచ్చాడు. 1988లో ఇరవై యేడేళ్ళకే చనిపోయాడు. 1982లో అతను వేసిన బొమ్మ ఒకటి 2017 మే నెలలో 11 కోట్ల 5 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. గోడ మీద వ్రాస్తే పోలీసులు పట్టుకునే చేతివ్రాతే, చట్రంలో బిగిస్తే భాగ్యం! ఈ విచిత్రాన్ని ఏ సమీకరణంలో వ్రాయాలో నాకు తెలియలేదు.

సైన్సు విద్యార్థిగా ఆ రంగు డబ్బా గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. 1949లో అమెరికాలో ఎడ్వర్డ్ సీమోర్ అనే రంగుల వ్యాపారి మొదటిసారిగా రంగును, పీడనంలో వుంచిన వాయువును ఒకే డబ్బాలో కలిపాడు. ఆయన ఉద్దేశం ఇళ్ళలో వేడినిచ్చే ఇనుప గొట్టాలకు సులువుగా రంగు వేయడమే. డబ్బా ఊపితే గలగలమనే చప్పుడు లోపలి చిన్న గోలీది. అడుగున పేరుకున్న రంగు దానివల్ల కలుస్తుంది. మీట నొక్కితే వాయువు రంగును సన్నని తుంపరగా తోస్తుంది. కుంచె, గిన్నె, నిచ్చెన ఏవీ అక్కరలేదు. ఒక నిముషంలో పని ముగించుకొని పరుగెత్తవచ్చు. అంటే ఆ కళ వేగం, ఆ అక్షరాల వంపులు, కొంతవరకు ఆ డబ్బాలోనే వున్నాయన్నమాట. సీమోర్ గారు ఇనుప గొట్టాలకు వేసిన రంగు చివరకు నగరాలకే అంటుకుంది!

ఇదంతా చదువుతూ వుంటే నాకు మా ఇంటి గోడ గుర్తుకొచ్చింది. మా ఊరు నల్లగొండ జిల్లాలో బస్సు రోడ్డు పక్కన వుంది. రోడ్డు వైపు గోడ వుండటం మా ఇల్లు చేసుకున్న పుణ్యమో, పాపమో తెలియదు. నేను ఆరో తరగతిలో వున్నప్పుడు ఒక విత్తనాల కంపెనీవాళ్ళు వ్యానులో వచ్చారు. "అన్నా, గోడకు ఫ్రీగా రంగేస్తం" అన్నారు. ఆ యేడు వెల్ల ఖర్చు తప్పిందని నాయిన సరేనన్నాడు. సాయంత్రానికల్లా తెల్లని గోడ మీద నీలం ఎనామిల్ అక్షరాలు, పక్కన పగిలిన పత్తికాయ బొమ్మ. నేను ఆ బొమ్మ ముందు నిలబడి తెగ మురిసిపోయాను.

రెండో యేడు ఆ విత్తనమే ఊళ్ళో చాలామంది వేశారు. చెట్టు నడుమెత్తు పెరిగింది గానీ కాయ నిలవలేదు. అప్పుడు ఒక్కొక్కరూ మా గోడ ముందు ఆగి, "ఏందన్నా, నీ గోడ మీద రాసుంటే నమ్మితిమి గద" అనడం మొదలుపెట్టారు. నాయిన కూడా అదే విత్తనం వేసి నష్టపోయాడన్న సంగతి వాళ్ళకూ తెలుసు. అయినా గోడ చెప్పిన మాట గోడ యజమాని చెప్పినట్టే గదా! ఒక ఆదివారం నాడు నాయిన సున్నం నానబెట్టి రెండు పూతలు పూశాడు. నెల తిరగకుండానే పొరలు పొరలుగా లేచిపోయి నీలం అక్షరాలు మళ్ళీ పైకొచ్చాయి. మళ్ళీ పూశాడు. మళ్ళీ వచ్చాయి. "గోడ మనదేరా, రాత మనది గాదు" అన్నాడు నాయిన కుంచె కింద పడేసి.

దానికి కారణం నాకు డిగ్రీకి వచ్చాక తెలిసింది. సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకొని కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. అది గోడను పట్టుకోవాలంటే గోడకు సన్నని రంధ్రాలుండాలి. ఎనామిల్ రంగు నున్నని పొర. దానిమీద సున్నానికి పట్టు దొరకదు. కాబట్టి రాలిపోతుంది. కారణం తెలిసింది సరే. నాయిన అన్న మాటకు మాత్రం పుస్తకంలో జవాబు లేదు. గోడ ఒకరిది, రాత ఇంకొకరిది అయినప్పుడు న్యాయం ఎవరివైపు?

విచిత్రమేమంటే, సరిగ్గా ఈ ప్రశ్న మీదనే న్యూయార్కులో పెద్ద వ్యాజ్యం నడిచింది. క్వీన్స్ ప్రాంతంలో 'ఫైవ్ పాయింట్జ్' అని పాత ఫ్యాక్టరీ భవనాల సముదాయముండేది. యజమాని అనుమతితోనే దేశదేశాల చిత్రకారులు దాని గోడలన్నీ బొమ్మలతో నింపారు. పక్కనుంచి పోయే రైల్లో కూర్చున్నవాళ్ళకు అదొక ఉచిత ప్రదర్శన. క్రమంగా ఆ పేటలో భూమి ధర పెరిగింది. యజమాని పాతవి కూల్చి ఆకాశహర్మ్యాలు కట్టదలచాడు. 2013 నవంబరులో ఒక రాత్రి మనుషుల్ని పెట్టి గోడలకు తెల్లరంగు కొట్టించాడు. తెల్లవారేసరికి బొమ్మలు లేవు! 2014లో భవనాలు కూల్చారు. వాటి స్థానంలో లేచిన అపార్టుమెంట్లకు ఆ 'ఫైవ్ పాయింట్జ్' పేరే పెట్టుకున్నారు. బొమ్మలు పనికిరాలేదు గానీ, పేరు పనికొచ్చింది.

చిత్రకారులు కోర్టుకు వెళ్ళారు. అమెరికాలో 1990 నాటి చట్టం ప్రకారం, భవనం నుంచి తీయదగిన చిత్రమేదైనా వుంటే, యజమాని తీసేముందు చిత్రకారునికి నోటీసిచ్చి 90 రోజుల గడువివ్వాలి. 2018 ఫిబ్రవరిలో న్యాయమూర్తి 45 చిత్రాలకు, ఒక్కొక్కదానికి లక్షా యాభైవేల డాలర్ల చొప్పున, 21 మంది చిత్రకారులకు 67 లక్షల 50 వేల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పారు. 2020లో పైకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. అదే యేడు అక్టోబరులో సుప్రీంకోర్టు కేసును విచారణకు తీసుకోవడానికి నిరాకరించడంతో అది ముగిసింది. భవనం కూలుతుందని ముందే తెలిసినా, కొన్నాళ్ళే వుండే బొమ్మకు కూడా గౌరవముంటుందన్నది ఆ తీర్పులోని సారం.

మన దేశంలో కూడా ఈ ప్రశ్న వచ్చింది. ఢిల్లీ విజ్ఞానభవన్ గోడకు శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పముండేది. 1979లో దాన్ని ఊడదీసి గోదాములో పడవేశారు. ఆయన కేసు వేశారు. 2005లో ఢిల్లీ హైకోర్టు, కాపీరైటు చట్టం 57వ సెక్షన్ ప్రకారం సృష్టికర్తకు తన కృతి మీద ప్రత్యేక హక్కుంటుందని చెప్పి, మిగిలిన ముక్కలతో పాటు ఐదు లక్షల రూపాయలు ఇప్పించింది. కానీ ప్రగతి మైదాన్‌లోని 'హాల్ ఆఫ్ నేషన్స్' భవనాన్ని 2017లో కూల్చినప్పుడు, దాని రూపశిల్పి రాజ్ రేవాల్ వేసిన దావాను అదే హైకోర్టు 2019లో కొట్టివేసింది. తన స్థలంలోని భవనాన్ని పూర్తిగా కూల్చుకునే యజమానిని ఆపడం కుదరదన్నది.

ఇవన్నీ చదివి లాయర్లు ఏమనుకుంటారో గానీ, రైతుబిడ్డగా నాకు తోచింది ఒక్కటే. ఇది కౌలు వ్యవహారం! భూమి పట్టాదారుది, పంట కౌలుదారుది. భూమి నాదేనంటూ పట్టాదారు కోతకు వచ్చిన చేనులో రాత్రికి రాత్రి నాగలి పెట్టిస్తే ఊళ్ళో ఎవరూ హర్షించరు. "పంట కోసుకోనీయ్, తరువాత నీ భూమి నువ్వు తీసుకో" అంటారు. గోడకు చిత్రకారుడు కౌలుదారు. ఆ 90 రోజుల గడువు పంట కోసుకునే గడువే. మరి మా గోడ సంగతి? అక్కడ పంట వేసినవాడు మళ్ళీ చేను మొహమే చూడలేదు. శిస్తు మాత్రం మా నాయిన కట్టాడు. అందుకని కౌలుదారుకు హక్కుతో పాటు బాధ్యత కూడా వుండాలి. వ్రాసినవాడు పేరు పెట్టాలి, అడిగితే జవాబు చెప్పాలి.

ఇందులో మూడోవాడు కూడా వున్నాడు. గోడ ఎవరిదైనా, రాత ఎవరిదైనా, రోజూ చూచేవాడు ఎదుటివాడు! బెర్లిన్ నగరంలో క్రాయిట్స్‌బర్గ్ పేటలో ఒక ఖాళీ స్థలం పక్కన 'బ్లూ' అనే ఇటలీ చిత్రకారుడు 2007, 2008 సంవత్సరాల్లో రెండు మహా చిత్రాలు వేశాడు. అవి చూడటానికి లోకమంతా వచ్చేది. ఆ ఆకర్షణ చూపించి స్థలం ధర, ఇళ్ళ అద్దెలు పెంచే పరిస్థితి వచ్చింది. 2014 డిసెంబరులో ఆయన అంగీకారంతోనే ఆ రెండు చిత్రాలకూ నల్లరంగు పూసేశారు. పేదల పేట అందంగా వుంటుందని బొమ్మ వేస్తే, ఆ అందమే పేదవాణ్ణి పేట నుంచి వెళ్ళగొట్టవచ్చు. ఈ సంగతి బొమ్మలు వేసే ప్రతివారూ ఆలోచించాలి.

మన దగ్గర గోడ వ్రాతకు గల చరిత్ర వేరు. జాజు పూసి ముగ్గు వేసిన గోడలు మన పల్లెల్లో ఎప్పటినుంచో వున్నాయి. ఉద్యమాల కాలంలో నినాదాలు మోసిన విశ్వవిద్యాలయం గోడలు మన పెద్దలకు తెలుసు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహిరంగ స్థలాలను వికారం చేయరాదని చట్టమే చేశారు. ఇంకోవైపు 2014లో ఢిల్లీ పోలీసు ప్రధాన కార్యాలయం గోడ మీదనే గాంధీగారి నిలువెత్తు బొమ్మ వెలిసింది. 2016లో అదే 'స్టార్ట్ ఇండియా' సంస్థ హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కనున్న మక్తా బస్తీ ఇళ్ళ గోడలకు బొమ్మలు వేయించింది.

మొన్న సెలవుల్లో నేను అక్కడికి వెళ్ళి చూచాను. కొన్ని రంగులు వెలిశాయి. ఒక బొమ్మ మీదుగా బట్టల తీగ, ఇంకో బొమ్మ ముందు స్కూటర్లు. మొదట బాధ కలిగింది. గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న ఒక పెద్దమ్మను, "అమ్మా, ఈ బొమ్మ ఎవరిది?" అని అడిగాను. "ఎవరిదైతేంది బిడ్డా, మా ఇంటి గుర్తు. చుట్టాలొస్తే బొమ్మ గోడ కాడ దిగుమని చెప్తం" అన్నది. నా బాధ అక్కడికక్కడే తీరింది. చిత్రశాలలో బొమ్మ ముందు తాడు కడతారు, యిక్కడ బట్టల తాడు కట్టారు. బొమ్మ ఇంట్లో మనిషైపోయింది. అయితే బొమ్మ వేసినంత మాత్రాన మోరీ బాగుపడదు, నల్లా నీళ్ళు రావు. రంగు పూతను మరమ్మత్తు అనుకునే ప్రమాదం ఏ బస్తీలోనైనా వుంది.

ఇక మా మండల కేంద్రంలో ఒక పెయింటరన్న వున్నాడు. సినిమా బానర్లు, ఎన్నికల గోడలు, దుకాణాల బోర్డులు అన్నీ ఆయన చేతివే. గీత గీయకుండా, కొలత పెట్టకుండా నిలువెత్తు అక్షరాలు వ్రాసేవాడు. ఫ్లెక్సులు వచ్చాయి, బోర్డులన్నీ మిషన్ మీద అచ్చవుతున్నాయి. ఇప్పుడు ట్రాక్టర్ ట్రాలీల వెనక పేర్లు వ్రాస్తున్నాడు. "చెయ్యి పోలే తమ్మీ, పని పోయింది" అన్నాడు నాతో. నగరంలో గోడబొమ్మ కొత్త కళగా వస్తున్న రోజుల్లోనే, ఊళ్ళో గోడవ్రాత పాత పనిగా పోతున్నది. ఈ ఇద్దరికీ ఒకరినొకరు పరిచయం చేసేవారే లేరు.

ఇప్పుడు మన ప్రహరీగోడకు వద్దాం. మిత్రులు గమనించారో లేదో, బస్‌స్టాపు వైపు మన గోడ మీద ఎవరో ఎర్ర రంగుతో ఒక నిలువుగీత, పక్కన బాణం గుర్తు, అంకెలు వేసిపోయారు. అది రోడ్డు వెడల్పు కోసం వేసిన మార్కింగు అంటున్నారు. నగరంలో అన్నిటికంటే బలమైన గ్రాఫిటీ అదే! దానికి సంతకం లేదు, అందం లేదు, అయినా దాన్ని ఎవరూ సున్నంతో చెరపరు. ఆ ఒక్క గీతకు చెట్లు పడతాయి, ఇళ్ళు సగమవుతాయి, టిఫిన్ బండ్లు కనబడకుండా పోతాయి. మా ఊరి దగ్గర చేలల్లో పసుపు రంగు పూసిన ప్లాట్ల రాళ్ళు పాతినప్పుడు కూడా నాకు ఇలాగే అనిపించింది. ఆ రంగు చూచినవాళ్ళెవరూ మళ్ళీ అక్కడ విత్తనం చల్లలేదు.

"కూల్చే గోడకు బొమ్మలెందుకు?" అని యిప్పుడు మూడో పక్షం బయలుదేరింది. కోతకు వచ్చేదాకా వుండే పంటనే గదా మనం ఏటా వేసేది? ఏ గోడా శాశ్వతం కాదు. కాబట్టి వేద్దాం. కానీ కౌలు మర్యాద ప్రకారం వేద్దాం. గోడ ఎప్పుడు తీస్తారో, ఎంత గడువిస్తారో ప్రిన్సిపాల్ గారి ద్వారా లిఖితపూర్వకంగా అడుగుదాం. వేసిన ప్రతివారి పేరు, సంవత్సరం బొమ్మ కింద వుండాలి. ఏ కంపెనీ పేరూ, ఉచితంగా రంగులిచ్చినా సరే, గోడ ఎక్కకూడదు. అక్షరాలు వ్రాయడానికి మా పెయింటరన్న లాంటివాళ్ళను కూలీ ఇచ్చి పిలవాలి, మన ఫైన్ ఆర్ట్స్ మిత్రులు వారి పక్కన నిలబడి చెయ్యి తిప్పడం నేర్చుకోవాలి. గోడకు ఎదురుగా రోజంతా వుండే జిరాక్సు దుకాణం ఆయన్నీ, ఆటో స్టాండు వాళ్ళనూ, ఇడ్లీబండి అక్కనూ ముందుగా అడగాలి. ఒక పది అడుగుల గోడను ఉత్త సున్నం పూసి వదిలేయాలి. దానిమీద ఎవరి కోపం వాళ్ళు వ్రాసుకోవచ్చు. సున్నం మీద సున్నం చక్కగా పడుతుంది, పూటకు ఒకసారి చెరుపుకోవచ్చు. ఇది రసాయనశాస్త్ర విభాగం హామీ!

ఏం వేయాలన్నది కళాకారుల ఇష్టం. నా కోరిక ఒక్కటే. రోడ్డు వెడల్పయితే పోయేవి ఏవేవి వున్నాయో, వేపచెట్టు, బస్ షెల్టరు, ఇడ్లీబండి, వాటి కొలతలతో సహా అవి వున్నచోటనే వేయండి. పోయేముందు ఫోటోలు తీసి వచ్చే యేటి సంచికలో వేద్దాం. ఆసక్తి వున్నవాళ్ళు రంగు డబ్బాలు కొనేముందు ఒక నిచ్చెన, కొలత టేపు పట్టుకొని రండి. ఎర్రగీత దగ్గర నుంచే మొదలుపెడదాం.